రికార్డర్ నొక్కితే వ్యాసం వస్తుందా?

123 అధ్యయన పత్రాలు, వాటిలోంచి తీసిన 154 కొలతలు. బడిపిల్లలకు రాయడం నేర్పే పద్ధతుల్లో ఏది ఎంత పనిచేస్తుందో తేల్చడానికి అమెరికా పరిశోధకులు స్టీవ్ గ్రాహం, డోలరెస్ పెరిన్ 2007లో ముందేసుకున్న లెక్క ఇది. 4 నుంచి 12వ తరగతి వరకు పిల్లల మీద జరిగిన ప్రయోగాలను ఒకచోట చేర్చి, పనికొచ్చే పద్ధతులు 11 అన్నారు. ఆ 11లో ఆడియో రికార్డింగ్ లేదు.

అయినా ఒప్పించే వ్యాసం నేర్పే ఉపాధ్యాయులు కొందరు పిల్లల చేత వాదనను ముందు ఫోనులో చెప్పించి, తర్వాతే కాగితం అందుకోమంటారు. జాబితాలో లేని పనిముట్టుతో వాళ్లకేం పని? రికార్డర్ తనంతట తాను బోధన పద్ధతి కాదు గనకే అది జాబితాలో లేదు. ఆ 11లో కొన్నిటికి అది చేతిసాయం చేస్తుంది. దేనికి తగిలిస్తే ఎంత లాభమన్నది ఆ అధ్యయనంలోని అంకెలే కొంతవరకు చెబుతాయి.

ఆ అంకెలు చదివే తీరు ముందు చూద్దాం. 100 మంది పిల్లల్లో సరిగ్గా మధ్యన, 50వ మెట్టు మీద ఉన్న ఓ అమ్మాయిని ఊహించుకోండి. ప్రణాళిక వేసుకోవడం, రాయడం, దిద్దుకోవడం అంచెలంచెలుగా నేర్పే పద్ధతికి వచ్చిన కొలత 0.82. అంటే ఆ పద్ధతిలో నేర్చుకున్న సగటు అమ్మాయి, నేర్చుకోని 100 మంది మధ్య నిలబడితే 79వ మెట్టు దాకా ఎక్కుతుంది. జతలుగా కూర్చుని ఒకరికొకరు సాయపడుతూ రాయడానికి 0.75. వ్యాసంలో ఫలానాది ఉండాలని ముందే స్పష్టమైన లక్ష్యం పెట్టడానికి 0.70, అంటే దాదాపు 76వ మెట్టు. మంచి నమూనాలు చదివించడానికి 0.25 మాత్రమే, 60వ మెట్టు. వ్యాకరణాన్ని విడిగా కూర్చోబెట్టి నేర్పడానికి వచ్చిన కొలతైతే సున్నాకు కింద, మైనస్ 0.32. వ్యాకరణం టీచర్లు నొచ్చుకోనక్కర్లేదు. అది వ్యాసం నాణ్యత మీద పడ్డ ప్రభావమే తప్ప, వ్యాకరణమే అక్కర్లేదన్న తీర్పు కాదు.

బడిలో ఆడియో అనగానే ముందు తట్టేది గొప్పవాళ్ల ప్రసంగాలు వినిపించడం. పై లెక్కలో అది నమూనాల కిందికి, 0.25 దగ్గరికి వస్తుంది. పిల్ల తన వాదనను తానే చెప్పి, తానే విని, పక్కవాళ్లకు వినిపించి, అప్పుడు రాస్తే పైన చెప్పిన వాటిలో 0.70, 0.75, 0.82 వచ్చిన పద్ధతులు మూడూ ఒకేసారి కదులుతాయి. ఈ కొలతలు రికార్డరువి కావు, ఆ పద్ధతులవి. రెంటినీ ముడిపెట్టడం నా అంచనా. అయితే ఆ అంచనాకు దన్నుగా నిలిచే ప్రయోగాలు లేకపోలేదు.

నోటి వేగం, చేతి వేగం

ఇంగ్లీషులో మామూలు సంభాషణ నిమిషానికి 150 మాటల దరిదాపుల్లో నడుస్తుంది. అదే మనిషి ఆలోచిస్తూ చేత్తో రాస్తే నిమిషానికి 20 మాటల చుట్టుపక్కలే తిరుగుతాడు. అదీ పెద్దవాళ్ల సంగతి, పిల్లలైతే ఇంకా తక్కువ. ఏడు రెట్లకు పైగా తేడా. తెలుగు పదాలకు ప్రత్యయాలు అతుక్కుని పొడవు పెరుగుతుంది కాబట్టి మన మాటల లెక్క 150కి బాగా కిందే ఉంటుంది. కావాలంటే ఏదైనా సంపాదకీయం గట్టిగా ఒక నిమిషం చదివి, ఎన్ని మాటలొచ్చాయో లెక్కపెట్టండి. తరగతిలో ఈ పని పిల్లల చేతే చేయించవచ్చు, సరదాగానూ ఉంటుంది. అంకె ఎంతైనా నోటికీ చేతికీ మధ్య అగాధం మాత్రం తెలుగులోనూ అలాగే ఉంటుంది.

అసలు చిక్కు వేగంతో కాదు, బుర్రలో చోటుతో. 1956లో మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ మనిషి ఒక్క క్షణంలో మనసులో పట్టి ఉంచగలిగేవి ఏడుకు రెండు అటూ ఇటూ అన్నాడు. 2001లో నెల్సన్ కోవన్ ఆ లెక్కను నాలుగు దాకా దించాడు. ఇప్పుడు 8వ తరగతి పిల్లాడు వ్యాసం రాస్తున్నాడనుకోండి. ఒత్తు ఎక్కడ పెట్టాలి, వాక్యం ఎలా ముగించాలి, తర్వాతి పాయింటు ఏమిటి, ఇది ఎవరికి చెబుతున్నాను. నాలుగూ ఇక్కడే అయిపోయాయి. ఎదుటివాడు ఏమని అడ్డు చెబుతాడో ఊహించడానికి జాగా ఏదీ? అందుకే క్రికెట్ బ్యాటు కొనివ్వమని వాళ్లమ్మ దగ్గర అరగంట వాదించి గెలిచిన పిల్లాడు, అదే విషయం మీద వ్యాసం రాయమంటే నాలుగు వాక్యాలకే కలం మూసేస్తాడు.

మార్లీన్ స్కార్డమాలియా, కార్ల్ బెరైటర్, హిల్లెల్ గోయెల్‌మన్ ఈ ముడిని విప్పడానికి 1982లో ఒక తెలివైన పని చేశారు. 4వ, 6వ తరగతి పిల్లలను మూడు రకాలుగా పరీక్షించారు. చేత్తో రాయడం ఒకటి. మామూలు వేగంతో నోటితో చెప్పడం ఇంకొకటి. మూడోదే ఆసక్తికరం: నోటితోనే, కాని ఆ పిల్లవాడు రాసే వేగానికి తగ్గించి, నింపాదిగా చెప్పడం. ఒత్తూ గుణింతం బాధ లేకుండా వేగం మాత్రమే తగ్గితే ఏమవుతుందో చూడాలని. మామూలుగా చెప్పినప్పుడు నిడివి ఎక్కువ వచ్చింది, నెమ్మదిగా చెప్పినప్పుడు కొంత తగ్గింది, చేత్తో రాసినప్పుడు అన్నిటికన్నా తక్కువ. వేగమూ భారమే, అక్షరం దిద్దడమూ భారమేనని తేలింది. దాంతోపాటు ఇంకో సంగతి బయటపడింది. పిల్లలు అయిపోయిందని ఆపాక, ఏం రాయాలో చెప్పకుండా ‘ఇంకొంచెం’ అంటే చాలు, ఇంకా వచ్చింది. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి ‘ఊ’ కొడుతుంటాడు, ‘అయితే?’ అంటాడు. తెల్లకాగితం ఆ పని చేయదు. ఊ కొట్టేవాళ్లు లేని చోట పిల్ల త్వరగా ఆగిపోతుంది. ఎక్కువ నిడివి మంచి వ్యాసమా అంటే కాదు. కాని నాలుగు వాక్యాల్లోంచి ఏరుకోవడానికి ఏముంటుంది?

42 మంది, రెండు సూత్రాలు

ఒప్పించే వ్యాసానికి నేరుగా సంబంధించిన ప్రయోగం 1997లో వచ్చింది. సుసాన్ డి లా పాజ్, స్టీవ్ గ్రాహం చేశారు. నేర్చుకోవడంలో, రాయడంలో ఇబ్బంది పడుతున్న 5, 6, 7 తరగతుల పిల్లలు 42 మందిని నాలుగు గుంపులు చేశారు. రెండు గుంపులకు అభిప్రాయ వ్యాసానికి ముందు ప్రణాళిక వేసుకునే పద్ధతి నేర్పారు, రెంటికి నేర్పలేదు. ప్రతి జతలోనూ ఒక గుంపు చేత్తో రాసింది, ఇంకొకటి నోటితో చెప్పింది.

వాళ్లు నేర్పిన పద్ధతికి రెండు ఇంగ్లీషు గుర్తుమాటలున్నాయి: స్టాప్, డేర్. మొదటిది రాయకముందు పని: వెంటనే తీర్పు చెప్పేయకుండా రెండు పక్షాలూ ఆలోచించు, ఒక పక్షం ఎంచుకో, ఆలోచనలను వరుసలో పెట్టు, రాస్తూ కూడా ఇంకా ఆలోచించు. రెండోది వ్యాసంలో ఉండాల్సినవి: నీ మాట సూటిగా చెప్పు, దానికి బలం చేర్చు, ఎదుటి వాదనల్లో కనీసం ఒకదాన్ని తిప్పికొట్టు, ముగింపు ఇవ్వు.

ప్రణాళిక నేర్చుకుని నోటితో చెప్పిన గుంపు వ్యాసాలే మిగతావాటికన్నా నిండుగా, అతుకు కుదిరి, నాణ్యంగా వచ్చాయి. ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ప్రణాళిక లేకుండా ఊరికే మాట్లాడిస్తే ఈ ఫలితం రాలేదు. రికార్డర్ చేతిలో పెట్టి ‘చెప్పు’ అంటే పిల్లలు చెబుతారు, చెప్పిందే చెబుతారు. 42 చిన్న సంఖ్య, పైగా వాళ్లు రాయడంలో వెనకబడ్డ పిల్లలు. అందరికీ ఇదే లాభం ఇంతే మోతాదులో వస్తుందని ఆ ప్రయోగం చెప్పడం లేదు. అయితే మన తరగతి గదుల్లో రాతకు జంకేవాళ్లు తక్కువేం కాదు కాబట్టి, ఈ ఫలితం మనకు దూరపు చుట్టం కాదు.

ఎదుటి వాదనను తిప్పికొట్టడం పిల్లలు ఎక్కువగా వదిలేసే భాగం. తెలుగు గడ్డ మీద దీనికి పెద్ద ఉదాహరణ కందుకూరి వీరేశలింగం. 1879లో రాజమహేంద్రవరంలో వితంతు వివాహం మీద ఉపన్యాసం ఇచ్చినప్పుడు జాలి ఒక్కటే నమ్ముకోలేదాయన. శాస్త్రం ఒప్పుకోదన్నవాళ్లకు శాస్త్రంలోంచే జవాబు తీశాడు. ప్రత్యర్థి నిలబడ్డ చోటుకే వెళ్లి వాదించడమంటే అదీ. రెండేళ్ల తర్వాత, 1881 డిసెంబరు 11న, మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఆ గొంతు రికార్డు కాలేదు, ఉపన్యాసం అచ్చులో మిగిలింది. చెప్పింది రాతగా మారడం మనకు కొత్తేమీ కాదు. పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాలు కూడా చాలావరకు సాక్షి సంఘంలో జంఘాలశాస్త్రి అనే పాత్ర ఇచ్చే ఉపన్యాసాలే కదా!

41 మాటల్లో ఏముంది

ఇక పని ఎలా జరుగుతుందో చూద్దాం. కింద ఉన్నది ఇందుకోసం కల్పించిన నమూనా. ఆటల పీరియడు తీసేసి లెక్కల క్లాసు పెడతామన్న ప్రతిపాదన మీద 9వ తరగతి అబ్బాయి రికార్డరులో ఇలా అన్నాడనుకుందాం:

“అంటే సార్, గేమ్స్ పీరియడ్ తీసేస్తే ఎట్లా సార్? రోజంతా కూర్చునే ఉంటాం కదా. కూర్చుని కూర్చుని బోర్ కొడుతుంది. లాస్ట్ పీరియడ్‌కి ఏమీ ఎక్కదు. మొన్న శనివారం ఆడుకుని వచ్చాక లెక్కల క్లాసులో ఎవరూ నిద్రపోలేదు. మామూలుగా అయితే వెనక బెంచీ వాళ్లందరూ పడుకుంటారు. కాబట్టి గేమ్స్ ఉండాలి సార్. గేమ్స్ లేకపోతే ఎట్లా కదా.”

8 వాక్యాలు, 41 మాటలు. ఇప్పుడు అబ్బాయే వెనక్కి తిప్పి విని, కాగితం మీద నాలుగు గడులు గీసి ఒక్కో వాక్యానికి ఒక్కో టిక్కు పెడతాడు. నా మాట: 3. కారణం: 3. ఆధారం: 2. ఎదుటి మాట: 0.

మూడు టిక్కులు పడ్డ ‘నా మాట’ నిజానికి ఒకే మాట, మూడుసార్లు వచ్చింది. నోటితో చెప్పినప్పుడు తిరిగి చెప్పడం బలం, గొంతు పెంచుకుంటూ పోవచ్చు. కాగితం మీద అదే తిరగలి. కారణాలు మూడూ దాదాపు ఒక్కటే. బంగారమంతా మధ్యలో ఉంది: శనివారం సంగతి, వెనక బెంచీల సంగతి. రెండు వాక్యాలు, 14 మాటలు, మొత్తంలో మూడో వంతు. అబ్బాయి వాటిని ఊపిరి తీసుకోకుండా దాటేశాడు. తాను ఆధారం చెప్పానని వాడికే తెలియదు. రికార్డర్ చేసే పెద్ద మేలు ఇదే. మాట గాలిలో కలిసిపోకుండా నిలబడి, పిల్లవాడు తన వాదనకు తానే శ్రోత అవుతాడు.

ఆ నాలుగో గడిలో సున్నా చూశాక పక్కనున్న నేస్తం పని మొదలవుతుంది. హెడ్మాస్టరుగారి పక్షాన నిలబడి ఒక్క ప్రశ్న రికార్డు చేస్తుంది: “పరీక్షలకు రెండు నెలలే ఉంది, సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?” ఇదే 0.75 పద్ధతి, ఇదే కాగితం చేయలేని ‘ఊ’ కొట్టడం. రాతలోకి వచ్చేసరికి వాదన ఇలా మారవచ్చు:

“శనివారం ఆటల తర్వాత జరిగిన లెక్కల క్లాసులో మా గదిలో ఒక్కరూ నిద్రపోలేదు. మిగతా రోజుల్లో వెనక బెంచీలు సగం నిద్రలోనే ఉంటాయి. ఆటల పీరియడు తీసేస్తే వారానికి 40 నిమిషాలు అదనంగా వస్తాయి, సిలబస్ పూర్తవుతుంది అంటున్నారు. పూర్తయ్యేది పాఠ్యపుస్తకం. ఆ 40 నిమిషాలూ మేం మెలకువగా లేకపోతే మాకు వచ్చేదేమిటి?”

టీచరు ఇక్కడ ఇంకో మాట అడగాలి: ఒక్క శనివారం సరిపోతుందా? నాలుగు వారాలు లెక్కపెట్టు. ఆడిన రోజు ఎందరు నిద్రపోయారు, ఆడని రోజు ఎందరు. ఆ నాలుగు జతల అంకెలు వ్యాసానికి ఇచ్చే బలం ఏ అలంకారమూ ఇవ్వదు. అంకెలు వాదనకు ఎదురు తిరిగితే పక్షం మార్చుకోమనండి. పైన చెప్పిన పద్ధతిలో తీర్పు చెప్పడానికి తొందరపడొద్దన్న మెట్టు అందుకే మొదట ఉంది.

ఒక ప్రలోభం గురించి చెప్పాలి. మాట్లాడింది ఫోను దానంతట అదే అక్షరాలుగా మార్చేస్తుంటే ఈ కష్టమంతా ఎందుకు అనిపిస్తుంది. పై 41 మాటలూ టైపై వస్తే పిల్లవాడు మూడు ‘సార్’లు కొట్టేసి అదే వ్యాసం అంటాడు. విని, గడుల్లో వేసి, మళ్లీ తన వాక్యంలో రాయడమే నేర్చుకునే చోటు. దాన్ని యంత్రానికి ఇస్తే మిగిలేది టైపింగే. చెయ్యి కదలని పిల్లలకు, అక్షరం పట్టుబడని పిల్లలకు మాత్రం ఆ సౌకర్యం వరం, వాళ్ల సంగతి వేరు.

17 నిమిషాలు వినిపించాలంటే

పెద్దల ప్రసంగాలు వినిపించడం 0.25 అన్నాం గదా, మానేయాలా? అక్కర్లేదు, చెవికి పని ఇస్తే చాలు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగం దాదాపు 17 నిమిషాలు, 1,650 మాటల చుట్టుపక్కల. భాగిస్తే నిమిషానికి 97. సంభాషణ వేగంలో మూడింట రెండు వంతులే. మిగతా సమయమంతా విరామం, జనం స్పందన, సాగదీత. అందరికీ గుర్తుండిపోయిన కల గురించిన భాగం ఆయన ముందే సిద్ధం చేసుకున్న ప్రతిలో లేదు, వేదిక మీద వచ్చింది. పిల్లలకు 17 నిమిషాలూ వినిపించే బదులు ఏదో 2 నిమిషాలు ఎంచి, ఎక్కడ ఆగాడు, ఏది తిరిగి చెప్పాడు, ఎవరిని ఉద్దేశించాడు అని గుర్తులు పెట్టమంటే నమూనా కాస్తా వ్యాయామం అవుతుంది. తర్వాత అసలు ప్రశ్న వేయాలి: ఆ విరామం కాగితం మీద ఎలా పెడతావు? పేరా ముగించి అంటారొకరు, పొట్టి వాక్యంతో అంటారింకొకరు.

అమెరికా రేడియోలో 1951లో ఎడ్వర్డ్ మర్రో మొదలుపెట్టిన ‘దిస్ ఐ బిలీవ్’ కూడా బడులకు బాగా పనికొచ్చింది. అక్కడి ప్రజా రేడియో సంస్థ ఎన్‌పీఆర్ 2005లో దాన్ని మళ్లీ తెచ్చింది. ఒక మనిషి, ఒక నమ్మకం, గట్టిగా చదివితే సుమారు 3 నిమిషాలు. న్యూయార్క్ టైమ్స్ విద్యార్థుల సంపాదకీయ పోటీకి పెట్టిన హద్దు 450 మాటలుగా ఉండేది, అదీ దాదాపు 3 నిమిషాలే. నిమిషాల్లో హద్దు పెట్టడం మాటల్లో పెట్టడంకన్నా పిల్లలకు సులువుగా అందుతుంది. రాసింది చదివి రికార్డు చేస్తే 4 నిమిషాలు వచ్చిందనుకోండి, ఒక నిమిషం ఎక్కడో అదనంగా ఉంది. దాన్ని వెతికి పట్టుకోవడమే దిద్దుబాటు. 0.70 అంటే ఇలాంటి లక్ష్యమే.

టీచరు గడియారం

40 మంది తరగతి, తలా 2 నిమిషాల రికార్డింగు. మొత్తం 80 నిమిషాలు. ఒకటిన్నర రెట్ల వేగంతో విన్నా 53. వ్యాసాన్ని కళ్లతో చకచకా చూసేయవచ్చు, ఆడియోను అలా చూడలేం. ఇంగ్లీషులో మౌనంగా చదివే సగటు వేగం నిమిషానికి 238 మాటలని 2019లో మార్క్ బ్రిస్‌బర్ట్ లెక్కతేల్చాడు. వినికిడి 150 దగ్గరే ఉంటుంది. కాబట్టి ప్రతి రికార్డింగూ టీచరే వినాలనుకుంటే ఈ పద్ధతి రెండో వారానికే అటకెక్కుతుంది. గడులు నింపే పని పిల్లలది. టీచరు వారానికి 8 మందివి వింటే 16 నిమిషాలు. 5 వారాల్లో తరగతి మొత్తం ఒక చుట్టు పూర్తవుతుంది.

టీచరు తన వ్యాఖ్యను గొంతుతో చెప్పడం ఇంకో దారి. ఫిల్ ఐస్, సహచరులు 2007లో ఒక ఆన్‌లైన్ కోర్సులో చూసిన లెక్క తరచూ చెప్పుకుంటారు: రాతకు బదులు ఆడియోలో వ్యాఖ్యానిస్తే పట్టిన సమయం దాదాపు 75 శాతం తగ్గింది, ఇచ్చిన వ్యాఖ్యల పరిమాణం 255 శాతం పెరిగింది. విన్నవాళ్లకు టీచరు తమను పట్టించుకుంటున్నట్టు కూడా అనిపించింది. అంకెలు ఊరిస్తాయి గాని అది పెద్దవాళ్ల కోర్సు, చిన్న అధ్యయనం. ఎక్కువ వ్యాఖ్య వింటే 13 ఏళ్ల పిల్లకు ఎక్కువ అర్థమవుతుందని లేదు. నా మట్టుకు అక్షరదోషాలు ఎర్ర కలంతోనే గుర్తించాలి. ‘రెండో పేరాలో చెప్పిన కారణానికీ మూడో పేరా ఆధారానికీ సంబంధం తెగింది’ లాంటివి మాత్రం నిమిషం గొంతుతో చెబితే మెత్తగా, వివరంగా చేరతాయి.

పరికరం ఖర్చు అడక్కండి, లేనట్టే. ఓపస్ అనే ఆడియో కుదింపు పద్ధతిలో సెకనుకు 16 కిలోబిట్ల చొప్పున గొంతును భద్రపరిస్తే నిమిషానికి 120 కిలోబైట్లు. 80 నిమిషాలకు 9.6 మెగాబైట్లు, ఫోనులో రెండు మూడు ఫొటోల చోటు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు 2013లో వచ్చాయి, 2022 నాటికి రోజుకు 700 కోట్లు వెళ్తున్నాయని ఆ సంస్థే చెప్పింది. ఇంట్లో అమ్మమ్మ కూడా వాడే పనిముట్టు. బడికి ఫోను తేకూడదంటే టీచరు ఫోను ఒకటి చాలు, లేదా రికార్డింగు ఇంటి పని అవుతుంది. పిల్లల గొంతు తరగతి గ్రూపులో తిరగకూడదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. వ్యాసం దిద్దడం అయిపోగానే ఆడియో చెరిపేయడం అన్నిటికన్నా తేలిక.

పరీక్ష హాల్లో ఫోనుండదు. 10వ తరగతి తెలుగు పేపరులో కరపత్రం రాయమన్నప్పుడు పిల్ల నోరు మెదపకుండా ఇదంతా చేయగలగాలి. అందుకని ఊతం మెల్లగా తీసేయాలి. ఏడాదికి 6 ఒప్పించే వ్యాసాలు రాయిస్తే, మొదటి రెంటికి రాయకముందూ రాశాకా రికార్డర్. తర్వాతి రెంటికి రాశాక చదివి వినడానికి మాత్రమే. చివరి రెంటికి రికార్డరు వద్దు, నాలుగు గడులు మాత్రం చిత్తుకాగితం మీద ఉండాలి, నాలుగో గడి ఖాళీగా ఉంటే వ్యాసం మొదలుపెట్టకూడదు.